నైట్రోనా, ఎలక్ట్రిక్కా? ఆర్సీ కారు కొనేముందు తేల్చుకోవాల్సింది వేగం కాదు

ఆర్సీ కారు (రేడియో రిమోట్‌తో నడిపే చిన్న మోడల్ కారు) కొందామని వెతకడం మొదలుపెట్టిన ఎవరికైనా మొదటి రోజే ఎదురయ్యే తగవు ఇది. నైట్రో (బ్యాటరీతో కాకుండా ప్రత్యేక ఇంధనం పోసిన చిన్న ఇంజిన్‌తో నడిచేది) అయితేనే మజా అని ఒకరంటారు, దాని జోలికే వెళ్లొద్దని ఇంకొకరంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పరు. కాకపోతే ఇద్దరి అనుభవాలూ ఒకే కాలానివి కావు. కొత్తవాళ్లు అయోమయంలో పడేది అక్కడే.

క్లుప్తంగా

వేగంలో, పికప్‌లో ఎలక్ట్రిక్ ఎప్పుడో నైట్రోను దాటేసింది. నైట్రోకి ఇప్పుడు మిగిలినవి రెండు: ఇంధనం పోసుకుంటూ గంటల తరబడి నడవగలగడం, ఇంజిన్‌తో కుస్తీ పట్టడంలో ఉండే సరదా. చాకిరీ రెండింటికీ ఉంది. నైట్రోకి నడిపే ముందూ నడిపాకా చేయాలి, అది కళ్లకు కనబడుతుంది. ఎలక్ట్రిక్‌కి బ్యాటరీ దగ్గర చేయాలి, అది మరిచిపోయేంత చిన్నగా ఉంటుంది.

పాత సలహా ఇంకా ఎందుకు తిరుగుతోంది

జపాన్ కంపెనీ టామియా తన మొదటి ఆర్సీ కారును, 1/12 స్కేల్ (అసలు కారులో పన్నెండో వంతు సైజు) పోర్షే 934ను, 1976లో తెచ్చింది. అది ఎలక్ట్రిక్. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఎలక్ట్రిక్ కారంటే బ్రష్డ్ మోటార్, నికెల్-కాడ్మియం బ్యాటరీ. మోటార్ లోపల బ్రష్‌లు కమ్యుటేటర్ మీద రాసుకుంటూ అరిగిపోయేవి, బ్యాటరీ కొద్ది నిమిషాలకే నీరసించేది, మళ్లీ చార్జ్ అయ్యేదాకా కారు పక్కన పడి ఉండాల్సిందే. ఆ రోజుల్లో నైట్రో వైపు చూస్తే పెద్ద చక్రాలు, పొగ, మోత, ట్యాంకు నింపిన ప్రతిసారీ కొత్త ఊపు. 1999లో ట్రాక్సస్ కంపెనీ తెచ్చిన టీ-మాక్స్ మాన్‌స్టర్ ట్రక్కు రాళ్లూ రప్పలూ లెక్కచేయకుండా పరుగెత్తేది, రివర్స్ కూడా వేసేది. దానికి దీటుగా నిలబడే ఎలక్ట్రిక్ బండి అప్పట్లో లేదు. వేగం కావాలంటే నైట్రో అన్న మాట అప్పటికి నూటికి నూరుపాళ్లు నిజం.

2000ల మధ్య నుంచి పరిస్థితి తలకిందులైంది. బ్రష్‌లు లేని మోటార్లు, లిథియం-పాలిమర్ బ్యాటరీలు (హాబీలో అందరూ లైపో అనేస్తారు) రెండూ దాదాపు ఒకే కాలంలో అందుబాటు ధరకి దిగాయి. విడివిడిగా వచ్చి ఉంటే ఇంత మార్పు ఉండేది కాదేమో. బ్రష్‌లెస్ మోటార్ ఎంత కరెంటైనా మింగుతుంది, అంత కరెంటును వోల్టేజ్ పెద్దగా పడిపోకుండా ఇవ్వగలిగింది లైపో. 2011లో ట్రాక్సస్ ఎక్స్ఓ-1 పేరుతో గంటకు వంద మైళ్లు దాటే కారును పెట్టెలో పెట్టి అమ్మింది, అది ఎలక్ట్రిక్. 2014లో అమెరికాకు చెందిన నిక్ కేస్ తయారుచేసిన బ్యాటరీ కారు గంటకు 325 కిలోమీటర్లు దాటి గిన్నిస్ రికార్డుకెక్కింది. వేగం గురించిన వాదన అక్కడితో ముగిసిపోవాలి. కానీ ఇరవై ఏళ్ల కిందట నైట్రో నడిపినవాళ్ల సలహా ఇంకా అదే మాటల్లో చేతులు మారుతూనే ఉంది.

నైట్రో ఇంజిన్ లోపల

ముందు ఒక అపోహ. నైట్రో అంటే పెట్రోల్ కాదు. పెట్రోల్‌తో నడిచే ఆర్సీ బండ్లు వేరే ఉన్నాయి, అవి ఎక్కువగా 1/5 స్కేల్‌లో, 23 సీసీ పైబడిన ఇంజిన్‌తో, స్పార్క్ ప్లగ్‌తో వస్తాయి. నైట్రో ఇంధనంలో ఉండేది మెథనాల్, నైట్రోమీథేన్, నూనె. కార్లకు వాడే రకాల్లో నైట్రోమీథేన్ సాధారణంగా 20 నుంచి 30 శాతం ఉంటుంది.

తమాషా ఏంటంటే, కిలోకి లెక్కేస్తే నైట్రోమీథేన్‌లో ఉండే శక్తి మెథనాల్‌లో ఉన్నదానికన్నా తక్కువ, సుమారు సగం. మరి అది కలిపితే బలం ఎలా పెరుగుతుంది? జవాబు గాలిలో ఉంది. ఒక కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, మెథనాల్‌కి 6.4 కిలోలు, నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. 3.5 సీసీ ఇంజిన్ ఒక్కో గుక్కకి పీల్చే గాలి ఎంతో ఇంతే. ఆ కాస్త గాలితో ఎక్కువ ఇంధనం మండించగలిగితే ఎక్కువ బలం. అరచేతిలో ఇమిడే ఇంజిన్ నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతూ రెండు హార్స్‌పవర్ పైన ఇస్తోందంటే కారణం ఇదే.

రెండో తమాషా, ఇందులో స్పార్క్ ఉండదు. గ్లో ప్లగ్ అనే చిన్న ముక్కలో ప్లాటినం కలిసిన సన్నటి తీగ చుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టు లోపు బ్యాటరీ ఇగ్నైటర్‌తో దాన్ని ఎర్రగా కాలుస్తారు. ఇంజిన్ అందుకున్నాక ఇగ్నైటర్ తీసేసినా తీగ ఎర్రగానే ఉంటుంది: మెథనాల్ ఆవిరి ప్లాటినం మీద చర్య జరిపి పుట్టించే వేడి, మంట వేడి, పిస్టన్ నొక్కుడుకి పుట్టే వేడి, అన్నీ కలిసి దాన్ని చల్లారనివ్వవు. అంటే మంట ఏ క్షణంలో అంటుకోవాలో చెప్పే ఎలక్ట్రానిక్స్ ఏదీ లేదు. ప్లగ్ వేడి, ఇంధనం గాలి పాళ్లు, వాతావరణం కలిసి తేల్చుకుంటాయి. నైట్రో ట్యూనింగ్ మీద ఇన్ని కథలు పుట్టడానికి మూలం ఇక్కడుంది.

ట్యూనింగ్ అనే విద్య

కార్బొరేటర్ మీద హైస్పీడ్ నీడిల్, లోస్పీడ్ నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో తేల్చే స్క్రూలు), ఐడిల్ స్క్రూ ఉంటాయి. ఇంధనం పాలు ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్. రిచ్‌గా ఉన్న ఇంజిన్ బద్ధకంగా ఉంటుంది, పొగ బాగా కక్కుతుంది, కానీ పాడవదు. లీన్ అయితే ప్రమాదం రెండింతలు, ఎందుకంటే ఈ ఇంజిన్‌కి వేరే ఆయిల్ పంపు ఉండదు, పిస్టన్‌కి అందే నూనె (ఆముదమో, సింథటిక్ ఆయిలో, రెండూ కలిపో) ఇంధనంతోనే రావాలి. ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, అదే సమయంలో వేడి పెరుగుతుంది. పైగా లీన్ అవుతున్న ఇంజిన్ చెవికి మహా ఇంపుగా ఉంటుంది, కారు ఎన్నడూ లేనంత చురుగ్గా పరుగెత్తుతుంది. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్టు, కాసేపటికి ఇంజిన్ బిగుసుకుపోతుంది. కొత్తవాళ్ల మొదటి ఇంజిన్ చాలాసార్లు ఇలాగే పోతుంది.

అనుభవం ఉన్నవాళ్లు ట్యూన్ చేస్తుంటే దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది, స్క్రూడ్రైవర్ దాదాపు కదలదు. గడియారంలో గంట ముల్లు ఒక అంకె జరిగినంత తిప్పి, కారును రెండు చుట్లు నడిపించి, మళ్లీ వింటారు. ఐడిల్‌లో ఉండగా కార్బొరేటర్ దగ్గర ఇంధనం గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకుంటారు. ఇంజిన్ రెండు మూడు సెకన్లు నడిచి, వేగం కాస్త పెరిగి ఆగితే లోస్పీడ్ నీడిల్ కుదిరినట్టు. నొక్కగానే ఆగితే లీన్, ఎంతకీ ఆగకుండా గోల పెంచుకుంటూ పోతే రిచ్. ఇంజిన్ హెడ్ మీద నీటి చుక్క వేస్తే చుయ్‌మని వెంటనే ఎగిరిపోకూడదు, నాలుగైదు సెకన్లు కుతకుతలాడి ఆవిరవ్వాలి. టెంపరేచర్ గన్ ఉంటే 100 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉందేమో చూస్తారు, అయితే ఆ అంకె ఇంజిన్‌ని బట్టి, ఎండని బట్టి మారుతుంది, కాబట్టి అదొక్కటే పట్టుకుని కూర్చోరు.

ఇంత చేసినా ఆ కుదిరింది ఆ రోజుకే. ఎండలో చక్కగా పలికిన ట్యూనింగ్ మర్నాడు పొద్దున చలిలో లీన్ అయిపోతుంది: చల్లగాలి చిక్కగా ఉంటుంది, అదే రంధ్రంలోంచి ఎక్కువ ఆక్సిజన్ లోపలికి పోతుంది, ఇంధనం మాత్రం నిన్నటంతే.

కొత్త ఇంజిన్‌కి ముందు బ్రేక్-ఇన్ ఉంటుంది, అంటే మొదటి కొన్ని ట్యాంకులు రిచ్‌గా, తక్కువ వేగంలో, వేడెక్కించి చల్లారుస్తూ నడపాలి. నడపడం అయిపోయాక ట్యాంకులో ఇంధనం మిగల్చకూడదు. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అది లోపల ఉండిపోతే బేరింగులు తుప్పు పడతాయి. అందుకే మిగిలింది మండించేసి, నాలుగు చుక్కల ఆఫ్టర్-రన్ ఆయిల్ వేసి తిప్పి పక్కన పెట్టాలి. ఇంధనం డబ్బా మూత సరిగ్గా బిగించకపోయినా ఇదే గొడవ. ఎయిర్ ఫిల్టర్ సరేసరి, ఒక్కరోజు దుమ్ము లోపలికి పోతే పిస్టన్, స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) అరిగిపోతాయి.

ఎలక్ట్రిక్: పని తక్కువ, మరుపుకి చోటు లేదు

ఎలక్ట్రిక్ కారు లెక్క కాగితం మీద తేలిపోతుంది. మోటార్‌కి కేవీ అనే అంకె ఉంటుంది, ఒక్క వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు అని. 2000 కేవీ మోటార్‌ని నాలుగు సెల్స్ బ్యాటరీకి, అంటే 14.8 వోల్టులకి కలిపితే లోడ్ లేనప్పుడు సుమారు 29,600 చుట్లు. వేగం చాలకపోతే పినియన్ గేర్‌ని (మోటార్ ఇరుసు మీదుండే చిన్న గేర్) ఒక పన్ను ఎక్కువున్నది వేసుకోవచ్చు, మోటార్ చేయి పెట్టలేనంత కాలితే మళ్లీ చిన్నది వేసుకోవచ్చు. స్విచ్ వేస్తే కదులుతుంది. చలికి బ్యాటరీ కాస్త మొండికేసినా, పొద్దునా సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సిన పని లేదు. మోటార్ సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది, నైట్రోలా క్లచ్ పట్టేదాకా ఎదురుచూడక్కర్లేదు. ఆ హఠాత్తు బలమే డిఫరెన్షియల్ పళ్లు రాల్చడానికి, కారును వెల్లకిలా పడేయడానికి కూడా కారణం. కొత్తవాళ్లు మూడు సెల్స్ బ్యాటరీ పక్కన పెట్టి రెండు సెల్స్‌తో మొదలుపెడితే విడిభాగాల ఖర్చు చాలా తగ్గుతుంది.

అసలు సమస్యలు లైపో దగ్గర మొదలవుతాయి. సెల్ ఒక్కింటికి నిండుగా 4.2 వోల్టులు, సగటున 3.7, మూడుకి దిగితే పాడైపోయే దారిలో ఉన్నట్టే. నడపని రోజుల్లో 3.8 దగ్గర దాచాలి. వినడానికి ఇంతే. ఆచరణలో జరిగేది ఇలా ఉంటుంది: శనివారం రాత్రి రెండు బ్యాటరీలూ నిండా చార్జ్ చేసి పెట్టుకుంటారు, ఆదివారం వాన పడుతుంది, మరో రెండు మూడు వారాలు పని ఒత్తిడిలో ఆ సంగతే గుర్తురాదు, తీరా తీసి చూస్తే ప్యాక్ పూరీలా ఉబ్బి ఉంటుంది. ఎవరూ ఏమీ చేయలేదు, చేయకపోవడమే తప్పు. నైట్రో పాడైతే కారణం తెలుస్తుంది, లైపో మాత్రం అలమరాలో కూర్చుని పాడవుతుంది.

ఇంకో సాధారణ పొరపాటు ఈఎస్‌సీ దగ్గర జరుగుతుంది, అంటే మోటార్‌కి కరెంటు ఎంత వెళ్లాలో తేల్చే స్పీడ్ కంట్రోలర్. నికెల్ బ్యాటరీ మోడ్‌లో వదిలేసిన ఈఎస్‌సీకి లైపో తగిలిస్తే వోల్టేజ్ ఎంత దిగినా అది కారును ఆపదు, కారు నెమ్మదించే సరికి బ్యాటరీ అయిపోవడం కాదు, చచ్చిపోయి ఉంటుంది. నడిపాక కారు స్విచ్ ఆపేసి బ్యాటరీ ప్లగ్ తీయకపోయినా ఇదే ఫలితం, కాకపోతే కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఎలక్ట్రిక్ కారుకి పెట్టే డబ్బులో మంచి బ్యాలెన్స్ చార్జర్ (సెల్స్ అన్నీ సమానంగా నిండేలా చూసేది) వాటాని తగ్గించుకోవడం తెలివైన పని కాదు.

ట్యాంకులో ఎంత, ప్యాక్‌లో ఎంత

1/8 స్కేల్ రేస్ బగ్గీ (మట్టి ట్రాక్ మీద పరుగెత్తే రేసు కారు) ట్యాంకు 125 సీసీ. అందులో పావు వంతు నైట్రోమీథేన్, పదో వంతు నూనె, మిగతాది మెథనాల్ అనుకుంటే, నూనెను వదిలేసి లెక్కేసినా అందులో దాదాపు 17 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. అదే బగ్గీ ఎలక్ట్రిక్ రకంలో వేసే నాలుగు సెల్స్, 5000 ఎంఏహెచ్ లైపోలో 74 వాట్-అవర్లు, అంటే సుమారు 2.7 లక్షల జౌళ్లు. ఇంధనం బరువు నూటపది గ్రాముల చిల్లర, ప్యాక్ బరువు అరకిలో దగ్గర. చూడ్డానికి పోటీయే లేదు, ఇంధనంలో ఆరు రెట్లు ఎక్కువుంది.

కానీ మైదానంలో రెండూ పది నిమిషాలకి కాస్త అటూ ఇటూగానే నడుస్తాయి. ఆ ఆరు రెట్లలో ఎక్కువ భాగం హెడ్ మీదుగా వేడిగానూ, కొంత మండకుండానే పైపులోంచి పొగగానూ పోతుంది. టూ-స్ట్రోక్ ఇంజిన్ లక్షణమే అది. మోటార్ మాత్రం తనకి అందిన కరెంటులో చాలా భాగాన్ని చక్రాలకి చేరుస్తుంది. ఒక్క ట్యాంకుకి ఒక్క ప్యాక్ అని చూస్తే తేడా కనబడదు.

తేడా కనబడేది ట్యాంకు ఖాళీ అయ్యాక. మోడల్ కార్ రేసుల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్ఎంఏఆర్ నిర్వహించే 1/8 ఆఫ్‌రోడ్ ప్రపంచ పోటీల ఫైనల్ గంటసేపు ఉంటుంది. కారు పిట్‌లోకి వస్తుంది, మెకానిక్ ట్యాంకు మూత ఎత్తి సీసాతో ఇంధనం కొడతాడు, కొన్ని సెకన్లలో కారు వెళ్లిపోతుంది. డ్రైవర్ పైన వేదిక మీదే ఉంటాడు. ఎలక్ట్రిక్‌లో ఇదే జరగాలంటే స్ట్రాప్ విప్పాలి, ప్యాక్ మార్చాలి, కనెక్టర్ పెట్టాలి, గంటకి సరిపడా ప్యాక్‌లు చార్జ్ అయి ఉండాలి. అందుకే ఎలక్ట్రిక్ బగ్గీ రేసులు చిన్నగా పెడతారు, సుదీర్ఘమైన రేసులు నైట్రో చేతిలోనే ఉండిపోయాయి. వేగంలో ఓడినా నైట్రో పోటీల నుంచి పోకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

డబ్బు, చప్పుడు, నిబంధనలు

ఎలక్ట్రిక్ ఖర్చు మొదట్లోనే మీద పడుతుంది: బండి, రెండు మూడు ప్యాక్‌లు, చార్జర్. తర్వాత కరెంటుకయ్యేది లెక్కలోకి రాదు, ప్యాక్‌లు మాత్రం కొన్నాళ్లకి బలహీనపడి కొత్తవి కొనిపిస్తాయి. నైట్రోది దినవెచ్చం. నడిపిన ప్రతిరోజూ ఇంధనం, అప్పుడప్పుడూ గ్లో ప్లగ్, కొన్నాళ్లకి క్లచ్ షూలు, బేరింగులు, ఆఖరికి పిస్టన్-స్లీవ్. నెలకోసారి నడిపేవాళ్లకి ఈ తేడా పెద్దగా తెలియదు, వారం వారం నడిపేవాళ్లకి బాగా తెలుస్తుంది.

చప్పుడు సంగతి చిన్నది కాదు. ఇళ్ల మధ్య నైట్రో స్టార్ట్ చేస్తే పక్కింటివాళ్లు మొదటి రోజు సరదాగా చూస్తారు, రెండో రోజు అడుగుతారు. ఎక్కడ నడపాలన్నది కొనకముందే తేలకపోతే బండి ఎక్కువ కాలం అటక మీదే ఉంటుంది.

ఇంధనం దొరకడం కూడా ఒకప్పటిలా లేదు. నైట్రోమీథేన్‌ని పేలుడు పదార్థాల తయారీలో వాడే వీలుంది కాబట్టి యూరోపియన్ యూనియన్ దాన్ని నియంత్రిత పదార్థాల జాబితాలో పెట్టింది. 2021 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం అక్కడ సాధారణ జనం అనుమతి లేకుండా కొనగలిగే మిశ్రమంలో అది 16 శాతం దాటకూడదు. 25 శాతానికి అలవాటుపడ్డ ఇంజిన్లకి ఇది నేరుగా తగిలింది: నీడిల్ మళ్లీ సెట్ చేసుకోవాలి, కొన్నింటికి ప్లగ్ రకం, హెడ్ కింద షిమ్‌లు (సన్నటి రేకు ముక్కలు) మార్చుకోవాలి, పైవేగంలో కాస్త తగ్గుదలకి ఒప్పుకోవాలి.

ప్రయాణాల్లో ఎలక్ట్రిక్‌కీ తలనొప్పులున్నాయి. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చేతి సామానులోనే తీసుకెళ్లాలి. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా ఒప్పుకుంటారు, దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. నాలుగు సెల్స్ 5000 ఎంఏహెచ్ ప్యాక్ 74 దగ్గర ఆగుతుంది, ఆరు సెల్స్‌ది 111 అవుతుంది. నైట్రో ఇంధనానికి ఆ మాత్రం వీలు కూడా లేదు, విమానంలోకి అసలు రానివ్వరు.

ప్రమాదం రెండింటిలోనూ ఉంది. మెథనాల్ విషం, దాని మంట పట్టపగలు దాదాపు కనబడదు, ఒలికిన చోట చేయి పెట్టేదాకా మండుతున్నట్టే తెలియకపోవచ్చు. లైపో గుచ్చుకుంటే, నలిగితే, తప్పు చార్జింగ్ జరిగితే అంటుకుంటుంది, ఒకసారి మొదలైతే ఆపడం కష్టం, కాబట్టి చార్జ్‌కి పెట్టి నిద్రపోవడం అనేది ఉండకూడదు. నైట్రోలో ఇంకొక ముప్పు ఉంది, రిసీవర్‌కి (రిమోట్ సంకేతాలు అందుకునే పరికరం) కరెంటిచ్చే చిన్న బ్యాటరీ దారిలో అయిపోతే థ్రాటిల్ తెరిచిన చోటే ఆగిపోయి బండి చేతికి చిక్కకుండా పరుగెత్తుతుంది. తక్కువ వోల్టేజ్‌ని కనిపెట్టి థ్రాటిల్ మూసేసే ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవడం అందుకే.

ఎవరికి ఏది

పిల్లలతో కలిసి పావుగంట నడిపి ఇంట్లోకి వచ్చేయాలనుకునేవాళ్లకి, ఇళ్ల మధ్య ఉండేవాళ్లకి, మొదటిసారి కొనేవాళ్లలో నూటికి తొంభై మందికి ఎలక్ట్రికే సరైనది, ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. చేతికి నూనె అంటడం ఇష్టమైనవాళ్లు, ఇంజిన్ మోత విని లోపం చెప్పడం నేర్చుకోవాలన్న తపన ఉన్నవాళ్లు, దగ్గర్లో నైట్రో నడిచే ట్రాక్, సాయంపట్టే నలుగురు ఉన్నవాళ్లు నైట్రోకి వెళ్తే నిరాశపడరు. ఆ నలుగురు లేకుండా ఒంటరిగా నైట్రోతో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా మధ్యలో వదిలేస్తారు.

అలా వదిలేసినవే సెకండ్‌హ్యాండ్‌లో చవకగా కనబడుతుంటాయి. ఎలక్ట్రిక్‌వైపు మారిపోయేవాళ్లు పెరిగే కొద్దీ ఇలాంటివి ఇంకా వస్తాయి, కాబట్టి చూడటం తెలియాలి. మెరిసే బాడీని వదిలేసి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ బిగించే ఉంచి ఫ్లైవీల్‌ని (ఇంజిన్ ఇరుసుకి తగిలించిన చక్రం) వేలితో తిప్పాలి. నైట్రో ఇంజిన్ స్లీవ్ పైకి పోయే కొద్దీ సన్నబడేలా చేస్తారు, పిస్టన్ పైకొచ్చిన చోట గట్టిగా పట్టేయాలి, దాన్నే పించ్ అంటారు. అక్కడ ఏ అడ్డూ లేకుండా ఫ్లైవీల్ జర్రున తిరిగిపోతే పిస్టన్-స్లీవ్ అరిగిపోయినట్టే, అమ్మేవాళ్లు చెప్పిన ధరకి కొత్త సెట్ ధర కూడా కలుపుకుని బేరం మొదలుపెట్టాలి.